ఉత్తుత్తి ఫ్లాష్

ఫోటోగ్రాఫర్లకు ఒక దొంగవిద్య ఉంది. రీళ్ల కాలంలో పెళ్లి ఇళ్లలో "ఇంకొక్కటి, ఇంకొక్కటి" అని వెంటపడే చుట్టాల కోసం, రీలు లేకుండానే ఫ్లాష్ కొట్టేసేవాళ్లు. వెలుగు పడుతుంది, చుట్టాలు సంతోషిస్తారు, రీలు మిగులుతుంది. దాన్నే ఉత్తుత్తి ఫ్లాష్ అంటారు. మా ఆయన నాసిర్ విజయవాడ గవర్నర్‌పేటలో ఒక కలర్ ల్యాబ్‌లో పనిచేస్తూ ఈ విద్య నేర్చుకుని, పెళ్లయ్యాక నాకూ నేర్పాడు. రెండు వేల ఏడులో, రంజాన్ పండుగ వెళ్లాక వచ్చిన పెళ్లిళ్ల సీజన్లో ఆ విద్యే తిరిగొచ్చి నా మెడకు చుట్టుకుంది.

భవానీపురంలోనూ ఆ చుట్టుపక్కల పేటల్లోనూ మావాళ్ల పెళ్లిళ్లకు ఆడవాళ్ల వైపు ఫోటోలు తీసేది అప్పట్లో నేనే. మగవాళ్ల వైపు నాసిర్ పాత రీలు కెమెరాతో తిరుగుతుంటే, పరదాకు ఇవతల నేను ఒక చిన్న డిజిటల్ కెమెరాతో తిరిగేదాన్ని. డిజిటల్ వచ్చింది కాబట్టే నాకు ఈ పని దొరికింది. రీలైతే కడిగేవాడు మగవాడు, ప్రింటు వేసేవాడు మగవాడు. దీనికి ఆ గొడవ లేదు. తీయగానే వెనక తెర మీద చూపిస్తాను. కొంగు జారిందన్నా, కన్ను మూసుకుపోయిందన్నా అక్కడికక్కడే తుడిచేస్తాను. "చూపించు నుస్రత్" అని నా చుట్టూ మూగేవాళ్లు, చూసుకునేవాళ్లు, ఒకరినొకరు గిల్లుకుని నవ్వుకునేవాళ్లు. నిజం చెప్పాలంటే నాకు అన్నం పెట్టింది కెమెరా కాదు, దాని వెనకున్న ఆ అగ్గిపెట్టెంత తెర.

ఈ పనికి మా అత్తగారు దిల్షాద్ బేగం ఊరికే ఒప్పుకోలేదు. ఒక షరతు పెట్టారు.

"ఫంక్షన్ అవగానే ఆ కార్డేదో ఉందే, దాన్ని తీసి పెళ్లికూతురి తల్లి చేతిలో పెట్టాలి. ప్రింట్లు వాళ్లింటి మనిషి దగ్గరుండి వేయించుకుంటాడు. నీ దగ్గర ఒక్కళ్ల మొహం కూడా మిగలకూడదు. ఈ మాట మీద నిలబడతానంటే వెళ్లు."

నిలబడ్డాను. ఆ షరతే నాకు పేరు తెచ్చిపెట్టింది. "దిల్షాద్ కోడలైతే కార్డు మన చేతికే ఇచ్చేస్తుంది" అని ఒకరి నోట ఒకరు విని పిలిచేవాళ్లు. ఆవిడ మాత్రం నా కెమెరా ముందుకు ఎన్నడూ రాలేదు. నా కెమెరా అనేముంది, ఏ కెమెరా ముందుకూ రాలేదు. ఓటరు కార్డులో కూడా ఆవిడ మొహం సగమే ఉంది. ఫోటో తీసే అబ్బాయి బతిమాలితే, మిగతా సగం వచ్చే ఎన్నికలకు చూపిస్తానన్నారట.

ఆ సీజన్లో మొదటి పెళ్లి మా వీధి చివరింటి అమ్మాయి అర్ఫాది. మెహందీ రోజు మధ్యాహ్నం ఆ ఇంట్లో కాలు పెట్టడానికి చోటు లేదు. ఒక పక్క గోరింటాకు కోన్లు, ఇంకో పక్క గాజులమ్మే పున్నమ్మ తన పెట్టె తెరుచుకుని కూర్చుని ఎవరి చెయ్యి దొరికితే వాళ్ల చేతికి గాజులు ఎక్కించేస్తోంది. నేను తీయాల్సినవన్నీ తీసి, మాట ప్రకారం కార్డు ఊడదీసి అందరి ముందూ అర్ఫా తల్లి చేతిలో పెట్టాను. ఆమె దాన్ని జాకెట్లో దోపుకుంది.

అప్పుడు మొదలైంది అసలు గోల. అంతసేపూ తలుపుచాటున నిలబడ్డ ముసలమ్మలకు అప్పుడు గుర్తొచ్చింది ఫోటో సంగతి.

"మమ్మల్ని తియ్యవా?"

"కార్డు ఇచ్చేశాను ఖాలా, ఇప్పుడు తీసినా రాదు."

"రాకపోతే మరీ మంచిది. తియ్యి!"

ఆ మాటతో ఒకటే నవ్వులు. కార్డు లేదన్న ధైర్యంతో జన్మలో కెమెరా ముందుకు రానివాళ్లంతా జంటలు జంటలుగా వచ్చి కూర్చున్నారు. నేను ఉత్తుత్తి ఫ్లాష్ కొడుతూ పోయాను. ఫోటో తెర మీద ఒక్క క్షణం మెరిసి మాయమయ్యేది. కార్డు లేదు కాబట్టి గాల్లో కలిసిపోయిందనే అనుకున్నాను. పున్నమ్మ కూడా గాజుల పెట్టె ఒళ్లో పెట్టుకుని బిగుసుకుని కూర్చుంది.

చివరికి నలుగురూ కలిసి మా అత్తగారిని రెక్క పట్టుకుని లాక్కొచ్చారు. ఆవిడ గింజుకుని, గింజుకుని, ఆఖరికి కూర్చున్నారు.

"కార్డు లేదుగా?" అని నన్నడిగారు.

"లేదు అమ్మీ. మీ కళ్లెదుటే ఇచ్చేశాగా."

"సరే, కొట్టు. కెమెరా ముందు కూర్చుంటే ఎలా ఉంటుందో ఒక్కసారి చూద్దాం."

పక్కనున్న ఆవిడ చెవిలో ఏదో అంది. మా అత్తగారు తల వెనక్కి వాల్చి పకపకా నవ్వారు. తల మీది కొంగు జారిపోయింది. అదే క్షణంలో నేను కొట్టాను.

నిఖా రోజున అర్ఫా తల్లి అదే కార్డు తెచ్చిచ్చింది, పెళ్లంతా దానిలోనే తీశాను. ఆడపెళ్లివారు పన్నీరు చల్లుతూ చల్లుతూ సరదాకి నా మీద రెండు బుడ్లు కుమ్మరించారు. పెళ్లి బాగా జరిగింది, బిర్యానీ బాగుంది, కార్డు ఇచ్చేసి ఇంటికొచ్చాను. మర్నాడు కెమెరా తీసి చూస్తే తెర నల్లగా ఉంది. గుడ్డతో తుడిచాను, ఎండలో పెట్టాను, బియ్యం డబ్బాలో పెట్టాను. కెమెరాకు గులాబీల వాసన వచ్చింది గానీ తెర రాలేదు.

నాసిర్ దానికోసమే కాచుక్కూచున్నట్టు ఒక కరపత్రం తెచ్చాడు. కొత్తొక వింత, పాతొక రోత అన్న మాట మా ఆయన్ని చూసే పుట్టిందని నా అనుమానం.

"బందరు రోడ్డు షోరూంలో ఎక్స్‌చేంజ్ పెట్టారు. దీపావళి దాకానే. పాతది ఎట్టా ఉన్నా తీసుకుంటారంట. తెర కూడా దీనికి రెండింతలు."

"రిపేరు చేయిస్తే పోయేదానికి..."

"కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుద్ది. గన్నవరం పెళ్లి దగ్గరికొచ్చింది, గుర్తుందా?"

గుర్తు లేకేం. గన్నవరంలో అఫ్రాజ్ గారి ఇంట్లో పెళ్లి. దీపావళి వెళ్లిన ఆదివారం. చాలా కట్టుబాటున్న కుటుంబం. అక్కడ మంచిపేరొస్తే గుడివాడ దాకా పిలుస్తారు. చెడ్డపేరొస్తే మా వీధిలో కూడా పిలవరు. పాతది ఇవ్వకుండా కొత్తది కొనే తాహతు మాకు లేదు. అయినా ముందు ఒకసారి చూపిద్దామని పట్టుబట్టి, నాసిర్‌ను వెంటబెట్టుకుని గవర్నర్‌పేటలో మేడ మీద ఉన్న దుర్గాశంకర్ గారి రిపేరు షాపుకు వెళ్లాను.

ఆయన కెమెరాను అటూ ఇటూ తిప్పి వాసన చూశాడు. "పన్నీరా అమ్మా?"

"అవునండి."

"ఈ సీజన్లో ఇది మూడోది. లోపల ఫోటోలేమన్నా ఉన్నాయా?"

"లేవండీ, కార్డు కూడా లేదు, ఖాళీ" అన్నాను ధీమాగా.

"పోయింది తెరా, కెమెరానా అన్నది తేలాలి కదా" అంటూ ఆయన ఒక వైరు తీసి, ఒక కొస కెమెరాకూ ఇంకో కొస బల్ల మీదున్న టీవీకీ తగిలించి బటన్ నొక్కాడు.

టీవీ నిండా మా అత్తగారు నవ్వుతున్నారు.

కొంగు లేదు. మెడ, జుట్టు, పక్క పళ్లు, అన్నీ కనిపిస్తున్నాయి. నా చెయ్యి నాకు తెలియకుండానే వెళ్లి ఆ వైరును పీకేసింది. దుర్గాశంకర్ గారు అప్పటికే గోడ మీది క్యాలెండర్ వైపు తిరిగిపోయి ఉన్నాడు.

"నేను చూడలేదమ్మా" అన్నాడు అటు తిరిగే. "కార్డు లేకపోతే ఇది తన పొట్టలో కాసిని దాచుకుంటది. చాలామందికి తెలీదు."

ఆ రోజు కొట్టిన ఉత్తుత్తి ఫ్లాషులన్నీ దాని పొట్టలో భద్రంగా ఉన్నాయి. "కార్డు లేదుగా" అని నా మొహం చూసి నవ్వుతూ కూర్చున్న ప్రతి ఒక్కరూ అందులో ఉన్నారు.

నాసిర్ గొంతు సవరించుకున్నాడు. "తుడిచేసి ఎక్స్‌చేంజికి ఇచ్చేస్తే సరిపోద్ది కదండీ?"

"ఇవ్వొచ్చు. కానీ తుడిచినవాటిని మళ్లీ లేపే సాఫ్ట్‌వేర్లు వచ్చినయ్ నాసిర్ గారూ. ఆ పాత కెమెరాలన్నీ మూటగట్టి ఎవడికో అమ్ముతారు. ప్రతివాడూ లేపుతాడని అనను. చెప్పటం నా ధర్మం, చెప్పాను." ఆయన వైరు చుట్టచుట్టి నా ముందు పెట్టాడు. "ఇది తీసుకెళ్లండమ్మా. ఇంట్లో టీవీకి తగిలించుకుని మీరే చూసుకోండి. తెర మద్రాసు నుంచి రావాలి, రెండు మూడు వారాలు పట్టుద్ది. వచ్చాక కబురు పెడతా. అప్పటిదాకా కెమెరా మీ దగ్గరే ఉంచుకోండి. వచ్చి నా ఎదురుగా కూర్చుంటే ఒక పూటలో వేసిస్తా."

ఆ మనిషికి నేను దండం పెట్టాలి. అప్పుడు మాత్రం థాంక్స్ చెప్పడం కూడా మర్చిపోయి మెట్లు దిగిపోయాను.

దారిలో నాసిర్ ఒకటే మాట. "అమ్మీ లేని టైం చూసి తుడిచేసెయ్. ఎవరికీ చెప్పకు. ఎవరికి తెలుస్తుంది?"

నిజమే, ఎవరికీ తెలియదు. ఆ మాటే నాకు ముల్లులా గుచ్చుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం మా అత్తగారు స్నేహితురాలి ఇంటికని బయల్దేరాక, తలుపులు బిగించి, కిటికీలు మూసి, వైరు తగిలించాను. ఆవిడే వచ్చారు మళ్లీ, టీవీ నిండా. తుడిచే బటన్ మీద వేలు పెట్టాను. నొక్కలేకపోయాను. ఆ ఇంటికి కోడలిగా వచ్చి ఆరేళ్లయింది, ఆవిడ అలా నవ్వగా ఆ మెహందీ రోజు తప్ప ఒక్కసారి కూడా చూడలేదు. ఇంకొక్క నిమిషం చూసి నొక్కుదాం అనుకున్నాను. ఆ నిమిషం ఎంతసేపు సాగిందో నాకు తెలియదు. తలుపు చప్పుడైంది.

"నుస్రత్! పట్టపగలు తలుపులేంటి? కళ్లజోడు మర్చిపోయా, తియ్యి."

కుడితిలో పడ్డ ఎలుకలా గిలగిల్లాడాను. వైరు పీకబోయి టీవీ స్టాండుకు తల కొట్టుకున్నాను. ఆవిడ నేను గడియ వేయడం మర్చిపోయిన వంటింటి తలుపు గుండా వచ్చేశారు. వచ్చి, టీవీ ముందు నిలబడిపోయారు.

చాలాసేపు చూశారు. చెయ్యి దానంతటదే తల మీదకు వెళ్లి కొంగు సర్దుకుంది, టీవీలో ఉన్నావిడకు కప్పబోతున్నట్టు.

"ఇది నేనేనా?"

"అవును అమ్మీ."

"కార్డు లేదన్నావు."

అంతా చెప్పాను. ఉత్తుత్తి ఫ్లాష్ సంగతి, పొట్టలో దాచుకునే సంగతి, దుర్గాశంకర్ గారు క్యాలెండర్ వైపు తిరిగిన సంగతి. ఏడుస్తూనే చెప్పాను. ఆవిడ మంచం మీద కూర్చుని, "మిగతావాళ్లెవరు? చూపించు" అన్నారు. ఒక్కొక్కటే చూపించాను. ఒక్కొక్క మొహానికీ పేరు చెబుతూ చూశారు.

"ఇప్పుడే తుడిచేస్తాను అమ్మీ. ఒక్క నిమిషంలో అన్నీ పోతాయి."

"ఆగు." ఆవిడ గొంతు పెద్దది కాలేదు. "వాళ్ల మొహాలు వాళ్లవి. చెప్పకుండా తీశావు, చెప్పకుండానే తుడుస్తావా?"

లేచి బుర్ఖా వేసుకుని వెళ్లిపోయారు. కళ్లజోడు మళ్లీ మర్చిపోయారు. ఇంటింటికీ వెళ్లి చెప్పేస్తారు, నా పని ఇవాళ్టితో సరి అనుకున్నాను. గన్నవరం వాళ్లకు ఏమని కబురు పెట్టాలో కూడా ఆలోచించుకున్నాను.

ఆవిడ నిజంగానే ఇంటింటికీ వెళ్లారు. చెప్పి రావడం కాదు, మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చారు. సాయంత్రం అసర్ నమాజ్ వేళకు మా ముందుగది నిండిపోయింది. అందరికంటే ముందు అర్ఫా తల్లి లేచింది.

"నీ మాట నమ్మి కదా నుస్రత్, నా ఇంట్లో అందర్నీ కూర్చోబెట్టింది? కార్డు నా చేతికిచ్చి, కెమెరాలో ఇంకో కాపీ దాచుకుంటావా?"

మా అత్తగారు నాకూ ఆమెకూ మధ్యకు వచ్చి నిలబడ్డారు.

"అది దాచుకోలేదు. దానికీ తెలీదు. ఆ కార్డు రూలు పెట్టింది నేను, అది తప్పకుండా చేసింది. మిషను చేసిన దొంగపనికి దాన్నంటే ఊరుకోను. ఇంకా అడగాలనుంటే నన్నడుగు. అందులో అందరికంటే పెద్ద ఫోటో నాదే, ముందు నేను ఏడవాలి."

ఆ ఇంట్లో నా కోసం ఎవరైనా అలా నిలబడతారని, నిలబడేది ఆవిడే అవుతారని నేను కలలో కూడా అనుకోలేదు. ఆ మాటలు ఇవాళ్టికీ నా చెవిలో ఉన్నాయి.

అర్ఫా తల్లి కూర్చుంది. కోపం పోయిందని కాదు. "సరే, చూపించు చూద్దాం" అంది.

ఒక్కొక్క ఫోటో వేస్తూ, ఎవరిది వాళ్లనే అడిగాను. ఒకరిద్దరు చూడకుండానే తుడిచెయ్యమన్నారు. తుడిచాను. ఒక ముసలమ్మ మాత్రం "తుడువు, కానీ ఇంకోసారి చూపించి తుడువు" అంది. చూపించాను. "ఇంకోసారి" అంది. గదిలో అప్పుడు పుట్టింది మొదటి నవ్వు. పక్కవీధి అక్కచెల్లెళ్లిద్దరూ గుసగుసలాడుకుని, ఒక ప్రింటు వేసిచ్చి ఆ తర్వాత తుడవమన్నారు. అర్ఫా తల్లి తన ఫోటోలో నోట్లో లడ్డూ ఉండగా దొరికిపోయింది. కాసేపు బిగబట్టుకుంది. ఆఖరికి తనే నవ్వేసి, "తుడిచెయ్యి తల్లీ, మా ఆయన చూస్తే షుగరు మాటెత్తుతాడు" అంది.

అంతలో పున్నమ్మ వచ్చింది, గాజుల పెట్టె నెత్తిన పెట్టుకుని.

"నన్నెందుకు పిలిచారమ్మా?"

విషయం చెప్పాను. ఆమె నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఉత్తుత్తిదా? నేను మొన్నట్నించీ కాపీ ఎప్పుడిత్తావా అని సూత్తన్నా! నాకేం పరదా ఉందమ్మా, నాకు కాపీ కావాల. పెద్దదే కావాల."

అందరూ పడీ పడీ నవ్వారు. పున్నమ్మదీ, అక్కచెల్లెళ్లదీ ఇంకో కార్డులోకి ఎక్కించి ఆ తర్వాతే తుడిచాను. చివరికి ఒక్క ఫోటో మిగిలింది.

మా అత్తగారు టీవీ దగ్గరికి వచ్చి కళ్లు చిట్లించి చూశారు. నేను పరుగెత్తికెళ్లి కళ్లజోడు తెచ్చిచ్చాను. పెట్టుకుని మళ్లీ చూశారు.

"బాగుంది" అన్నారు. "ఏది నొక్కాలి?"

"ఉంచేద్దాం అమ్మీ" అన్నాను. అనకూడదని తెలిసీ అన్నాను.

"నన్నడిగి తీసింది కాదుగా" అని, నేను చూపించిన బటన్ తనే నొక్కారు. టీవీ ఖాళీ అయిపోయింది.

సాయంత్రం నాసిర్ కరపత్రం మళ్లీ బయటికి తీశాడు. "అయిపోయిందిగా అమ్మీ. ఖాళీ అయిపోయింది. రేపే వెళ్లి కొత్తది తెచ్చేస్తా. గన్నవరంలో తల ఎత్తుకుని ఫోటోలు తీయొచ్చు."

ఆవిడ నా వైపు చూశారు. "తుడిచినా మళ్లీ లేస్తాయన్నావు?"

"తెలిసినవాడి చేతిలో పడితే లేస్తాయంట."

"అయితే ఇంకేం మాట. అది పరాయివాడి చేతికి పోదు."

"మరి పెళ్లెట్టా?" అన్నాడు నాసిర్. "తెర లేని కెమెరా పట్టుకుని కట్టుబాటోళ్ల ఇంటికి ఎట్టా వెళ్తది?"

"తెర లేకపోతే ఫోటో పడదా?"

"పడుతుంది అమ్మీ" అన్నాను. "కన్ను పెట్టి చూసే కంత ఉంది, దాంట్లోంచి చూసి తీయొచ్చు. తీశాక వాళ్లకు చూపించలేను, అంతే."

ఆవిడ కెమెరాను చేతిలోకి తీసుకుని తిప్పి చూశారు. "పాతదాని తప్పేంటో మనకు తెలిసిపోయింది. కొత్తదాని తప్పేంటో ఎవరి పెళ్లిలో తెలుస్తుంది? ఆ రిపేరాయన మొహం తిప్పుకున్నాడన్నావు కదా, ఆయన దగ్గరే బాగు చేయించు. అది వచ్చేదాకా ఇట్టాగే నడుపు. గన్నవరం నేనూ వస్తా."

నాసిర్ కరపత్రాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. మడతపెట్టేముందు ఇంకోసారి చూసుకున్నాడు పాపం.

దీపావళి వెళ్లింది, మద్రాసు నుంచి తెర రాలేదు. ఆదివారం పొద్దున్నే నేనూ మా అత్తగారూ గన్నవరం బస్సెక్కాం. ఫంక్షన్ హాల్లో ఆడవాళ్ల వైపు పెళ్లికూతురిని సోఫాలో కూర్చోబెట్టారు. పక్కన ఆమె నాయనమ్మ, చుట్టూ చుట్టాలు. నేను కెమెరా తీయగానే నాయనమ్మ అంది: "తీసింది తీసినట్టు చూపిస్తావంటగా బేటీ. విజయవాడ నుంచి అందుకే పిలిపించాం."

"చూపించేదాన్నండీ. తెర చెడిపోయింది. ఫోటోలు మాత్రం బాగానే వస్తాయి" అని కెమెరా తిప్పి ఆ నల్లటి తెర చూపించాను.

చుట్టూ ఉన్నవాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. "అయితే ఎట్టా తెలుస్తుంది?" అని ఎవరో అన్నారు. "వద్దులెండి, ఎందుకొచ్చిన గొడవ" అని ఇంకెవరో అన్నారు. పెళ్లికూతురు అప్పుడే తలెత్తినది మళ్లీ దించేసుకుంది. నాయనమ్మ కెమెరా కేసే చూస్తోంది.

కెమెరాను మళ్లీ సంచిలో పెట్టబోయాను. వెనక నుంచి ఎవరో నా భుజం మీద చెయ్యి వేసి పక్కకు జరిపారు. మా అత్తగారు. బుర్ఖా తీసి మడిచి నా చేతికిచ్చి, సోఫా దగ్గరున్న కుర్చీలో కూర్చున్నారు. తల మీద కొంగు నిదానంగా సర్దుకున్నారు, వీపు నిటారుగా పెట్టుకున్నారు.

"ఈమె మా కోడలు. ముందు నన్ను తియ్యి నుస్రత్" అన్నారు.

కంతలోంచి చూశాను. నా కన్ను తడిసి ఆవిడ మొహం అలికేసినట్టు కనిపించింది. ఎలాగో నొక్కాను. ఫ్లాష్ పడింది. అలవాటు కొద్దీ కెమెరా తిప్పి ఆవిడకు చూపించాను. నల్లటి తెర.

"అక్కర్లేదు" అన్నారు. "నువ్వు తీశావుగా."

నాయనమ్మ చేతికర్ర పక్కన పెట్టి, "కాస్త జరుగమ్మా" అంటూ కుర్చీ లాక్కుని మా అత్తగారి పక్కన కూర్చుంది. ఆ తర్వాత ఆ హాల్లో నాకు ఊపిరాడలేదు. సాయంత్రం దాకా తీస్తూనే ఉన్నాను. అంతా అయ్యాక కార్డు ఊడదీసి పెళ్లికూతురి తల్లి చేతిలో పెట్టాను.

తిరుగు బస్సులో గుర్తొచ్చింది నాకు.

"అమ్మీ, మీ ఫోటో కూడా ఆ కార్డులోనే ఉండిపోయింది. వాళ్లింటికి వెళ్లిపోయింది. రేపు కబురు చేసి తుడిపిస్తాను."

ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. "ఎందుకు? నీకు పూచీగా ఇచ్చినదాన్ని మళ్లీ వెనక్కి అడుగుతానా?"

ఆవిడ చెయ్యి తీసుకుని నా ఒళ్లో పెట్టుకున్నాను. బస్సు విజయవాడ చేరేదాకా ఆవిడ దాన్ని వెనక్కి తీసుకోలేదు.

తర్వాతి వారం తెర వచ్చింది. దుర్గాశంకర్ గారు నా కళ్లెదుటే మార్చి ఇచ్చాడు, ఈసారి మర్చిపోకుండా దండం పెట్టాను. ఆ కెమెరా ఇంకా చాలా ఏళ్లు నడిచింది. గుడివాడ వెళ్లాను, మచిలీపట్నం వెళ్లాను, వేలమంది మొహాలు ఆ కొత్త తెర మీద చూశాను. నా కోసం మా అత్తగారు పరాయి ఊళ్లో వదిలేసి వచ్చిన ఆ ఒక్క ఫోటో ఎలా వచ్చిందో మాత్రం నేను ఇప్పటిదాకా చూడలేదు.